‘వచ్చినట్టే’ని కొట్టేసిన మా ఆడబిడ్డ

“అవ్వా, మేడం లేదు” అంది కమిలి ఫోన్లో. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి ఉన్నాను. “లేదంటే? బజారుకు పోయిందా?” అని అడిగాను. అవతల ఏడుపు వినపడ్డాక గానీ తెలియలేదు. ఉద్యోగమంతా బడిపిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, చివరికి ‘లేదు’ అన్న మాటకు అర్థం అడిగాను.

పోయినామె నా భర్తకు చెల్లెలు, నాకు ఆడబిడ్డ. మహబూబాబాద్‌లో, అంటే మా నోట ఇప్పటికీ మానుకోటలో, జూనియర్ కాలేజీ పిల్లలకు కామర్స్ చెప్పి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు “భాగస్వామ్యంల నష్టాలు గూడ పంచుకోవాలె, నాకంత ఓపిక లేదు” అని చెప్పేది. ఫోన్ చేసిన కమిలి ఆ ఊరి పక్కన తండాలో ఉంటుంది. అక్కడి ఆడవాళ్లంతా కలిసి నడిపే కారం మరకు పెద్ద. రిటైరైన తర్వాత మా ఆడబిడ్డ వాళ్లకు లెక్కలు రాయడం నేర్పింది. జీతం లేని పని గనుక తిట్లకు కొదవ ఉండేది కాదు.

జనగామలో రైలెక్కి మానుకోటలో దిగేదాకా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకంటే చిన్నది. ఇంట్లో ఏ పనికైనా ముందు నన్ను అడగడం ఆమెకు మొదటినుంచీ అలవాటు లేదు. ఇదీ అంతే.

నేను కొత్త కోడలిగా జనగామ వచ్చేనాటికి ఆమె కాలేజీ చదువులో కొత్తగా చేరింది. పెళ్లి పందిరి విప్పకముందే పుస్తకం పట్టుకొని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“అన్నా, ఈ వదినెను ఆస్తుల దిక్కు రాయాల్నా, అప్పుల దిక్కా?”

ఆయన నవ్వుతున్నాడు. నేనే అన్నాను: “పెట్టుబడి అని రాసుకో.”

“అయితే అప్పుల దిక్కే” అంది వెంటనే. “పెట్టుబడి గూడ వ్యాపారానికి అప్పే వదినె. యజమాని వేరు, వ్యాపారం వేరు. పెట్టినామెకు ఎప్పటికన్న తిరిగియ్యాలె.”

గొప్పలకు పోయి చెప్పిన మాట కాదు, లెక్కల పుస్తకంలో మొదటి పాఠమే అది. ఆ తర్వాత చాన్నాళ్లకు ఒకసారి నేను తండాకు పోయినప్పుడు కమిలి ప్రేమగా కారం పొట్లం చేతిలో పెట్టింది. మా ఆడబిడ్డ తన పర్సు తీసి ఆ పైసలు గల్లపెట్టెలో వేసింది. “మా వదినె నాకు చుట్టం, మరకు గాదు” అంది. వాళ్లు ఇంటికి కారం పట్టుకుపోయినా సరే, సొంత వాడకం అని రాయించేది. “మీ మర, మీ మిరప, మీ ఇల్లు. మూడూ కలిపి వండితే ఏ కూర మాడిందో తెల్వది” అనేది.

ఆమె పాఠం చెప్పే తీరు గుర్తుంది. మర ఉన్న రేకుల గది ముందు చాప పరిచి కూర్చునేవాళ్లు. లోపల మర తిరుగుతుంటే బయట అందరికీ దగ్గు. సుద్దముక్కతో గచ్చు మీద మూడు గడులు గీసేది. మిరప కొన్నది, కారం అమ్మింది, కరెంటు బిల్లు, కూలి – రోజూ నడిచేదంతా మొదటి గడి. మర కొన్నా, అమ్మినా రెండో గడి. తెచ్చిన అప్పు, కట్టిన అప్పు మూడో గడి. మూడింటిలో వచ్చింది, పోయింది రాసి తేడా తీస్తే గల్లపెట్టెలో మిగిలినదానికి సరిపోవాలి. దానికి పాఠ్యపుస్తకాల పేరు నగదు ప్రవాహ పట్టిక.

“ప్రవాహమట!” అన్నాను మొదటిసారి విన్నప్పుడు. “ప్రవాహం మహదేవపూర్ దగ్గర గోదారికి ఉంటది. మీ గల్లపెట్టెల చెమ్మ గూడ లేదు.”

“తెలుగు టీచర్లే పెట్టిన్రు గా పేరు, నాకేం తెల్సు” అంది.

తండా ఆడవాళ్లకు ఎంతకూ అర్థం కానిది ఒక్కటే. లాభం వచ్చిందని లెక్క చెబుతోంది, మరి పైసలేవి? దానికి ఆమె చెప్పిన పాఠం నాకు కూడా బుర్రకెక్కింది. “డెబ్బై పెట్టి మిరప తెచ్చి పట్టిచ్చినం. వందకు అమ్మినం. లాభమెంత?” “ముప్పై.” “కొన్నాయన ఇప్పటికి చేతుల పెట్టింది నలభై. మన దగ్గరికెల్లి పోయింది డెబ్బై. ఇప్పుడు గల్లపెట్టె ఏమంటది?” కమిలి కాసేపు వేళ్లు మడిచి తెల్లబోయింది. “ముప్పై తక్కువైందంటది మేడం.” “గంతే. ముప్పై లాభం, ముప్పై కటకట. రెండూ నిజమే. లాభం చూసి సంబురపడున్రి, గల్ల చూసి సంతకం పెట్టున్రి.”

ఆ సంతకం దగ్గరే అసలు కథ మొదలైంది.

భూపాలపల్లిలో గని కార్మికులకు మెస్సులు నడిపే ఒక కాంట్రాక్టరు, ఏడాది పొడుగునా కారం తనకే పొయ్యమని అడిగాడు. ఇప్పుడున్న మర చాలదు, ఇంకొకటి కొనాలి. మిరప పంట చేతికొచ్చినప్పుడే చవకగా బస్తాలు కొని పెట్టుకోవాలి. అవి నగదుకు కొనాలి, అతనికి పొయ్యాల్సిందేమో ఉద్దెరకు. దానికి కమిలి తన రెండెకరాల పట్టా కుదువ పెడతానంది. భర్త పోయాక ఆమె పేరు మీదికి వచ్చిన భూమి అది. అది తప్ప ఆమెకు ఇంకొకటి లేదు.

రాబోయే నెలల లెక్క వేసి చూపమంది మా ఆడబిడ్డ. కమిలి రాసుకొచ్చింది. అక్షరాలు గుండ్రంగా, గీతలు నిటారుగా ఉన్నాయి. ప్రతి నెలా ‘వచ్చింది’ రాసే గడి కళకళలాడుతోంది.

“ఇదేంది, ఎండకాలంల పోసిన సరుకుకు పైసలు ఎండకాలంలనే వచ్చినయా?”

“వచ్చినట్టే మేడం. సారు మాటిచ్చిండు.”

మా ఆడబిడ్డ ఎర్ర పెన్ను తీసి ఆ గడులన్నీ కొట్టేసింది. “వచ్చినట్టే అంటే రానట్టే. ఈ చాప మీద ఆ మాట మళ్లొకసారి వినబడితే నేను రాను.”

కమిలి మొహం చిన్నబోయింది. “మా తండల మాటిచ్చినంక పైసలు చేతుల వడ్డట్టే మేడం. రేపు ఇస్తనంటే రేపే. నోటుకు సంతకం పెట్టుమనుడు మాకు నామోషీ” అంది. మిగతావాళ్లు తమ భాషలో గుసగుసలాడుకున్నారు. అందులో మెచ్చుకోలు లేదని తెలియడానికి ఆ భాష రానవసరం లేదు.

“మీ తండల నిజమే బిడ్డా” అంది ఆమె. ఆ గొంతులో అంత మెత్తదనం నేను అరుదుగా విన్నాను. “గానీ ఆ కాంట్రాక్టరు మీ తండ ఆయన గాదు గద.”

కొట్టేసినవి కొట్టేసి మళ్లీ కూడితే, వానకాలానికి గల్లపెట్టె అడుగు కనబడింది. సగం సరుకే పొయ్యండి, రెండో మర వద్దు, పట్టా జోలికి పోవద్దు అంది. అందరూ తలూపారు. తలూపడాన్ని కూడా ఏ గడిలోనూ రాయకూడదని ఆమె అప్పుడు చెప్పలేదు.

తర్వాత ఆమెకు గుండె జబ్బు ముదిరింది. హన్మకొండ దవాఖానకు, ఇంటికి మధ్య తిరుగుడు. నేను పోయి కొన్నాళ్లు దగ్గరున్నాను. అక్కడ ఉండగానే ఒక మధ్యాహ్నం కమిలి వచ్చింది. ఏమీ అడగకముందే కాగితం తీసి ఇచ్చింది. మంచం మీద పడుకొనే కళ్లజోడు పెట్టుకొని చదివింది మా ఆడబిడ్డ. రెండో గడిలో కొత్త మర ఖరీదు ఉంది. మూడో గడిలో అప్పు ఉంది.

“పట్టానేనా?”

“ఆఁ మేడం. మస్తు పెద్ద గిరాకి, ఇడిస్తే మళ్ల రాదన్నరు అందరు.”

తిడుతుందని నేను నీళ్ల గ్లాసు పట్టుకొని నిలబడ్డాను, గొంతు ఆరిపోతుందేమోనని. తిట్టలేదు. “దాచకుండ రాసినవ్. పాసు మార్కులైతే ఏస్త” అంది. కాగితం మడిచి తలగడ పక్కన పెట్టుకుంది. కమిలి పోయాక నావైపు చూసి, “వదినె, దానికి లెక్క రాసుడొచ్చింది. రాసింది నమ్ముడు ఇంక రాలే. అది నేర్పెటందుకు జర టైమ్ కావాలె నాకు” అంది. అంతకుమించి ఆమె దేనికీ టైమ్ అడగడం నేను వినలేదు.

నేను జనగామ తిరిగి వచ్చే రోజు, ఆయాసం ఎట్లా ఉందని అడిగాను.

“తగ్గినట్టే వదినె” అంది.

పట్టుకోవాల్సింది. ఇంకొకరి నోట ఆ మాట వస్తే ఎర్ర పెన్ను తీసే మనిషి. నేనేమో సంచి సర్దుకుంటూ “అయితే మంచిదే” అన్నాను. రెండు రోజులకే ఫోన్.

దినాలు అయిన మర్నాడు తండా ఆడవాళ్లు చాప పరిచారు. చదువుకున్నదానివని నన్నూ కూర్చోబెట్టారు. సంధులూ సమాసాలూ తప్ప నాకేమీ రావని చెప్పినా వినలేదు. మధ్యలో సుద్దముక్క పెట్టారు. చాలాసేపు ఎవరూ తీయలేదు. చివరికి కమిలి తీసింది. మూడు గడులు గీసింది. గీతలు వంకర పోయాయి.

మొదటి గడి దగ్గర చెయ్యి ఆగింది. వాన పడుతోంది, గల్లపెట్టెలో చిల్లర తప్ప లేదు, వడ్డీ ఆసామి పట్టా సంగతి తేల్చమని మనిషిని పంపాడు. కాంట్రాక్టరు ఇవ్వాల్సింది వస్తే అన్నీ తీరతాయి. కమిలి అందరికీ వినపడేటట్టు పెట్టి అతనికే ఫోన్ చేసింది.

“పంపినట్టే అక్కా! బిల్లు పాసుల ఉన్నది. పరేషాన్ గాకున్రి” అన్నాడు అతను హుషారుగా.

కమిలి ఫోన్ బోర్లా పెట్టింది. మొదటి గడిలో ఆ వచ్చేదాని కోసం వదిలిన చోట సున్న పెట్టింది. పెట్టి, దాని చుట్టూ మళ్లీ సుద్ద తిప్పింది, నమ్మబుద్ధి కానట్టు. తర్వాత కూడింది. కూడినప్పుడు తేలింది నేను చెప్పనక్కర లేదు.

“మర అమ్ముదాం” అంది.

“కొత్తదా?” అంది ఒకామె. “దాని రంగు గూడ ఇంక పోలే.”

“పాతది అమ్మితే పావుల రాదు. కొత్తది అమ్మితే పట్టా ఇడిపిచ్చుకుంట.”

కొత్త మర కొన్న ధరకు పోలేదు. వాడిన వస్తువు కదా, తరుగుదల అని మా ఆడబిడ్డ చెప్పేది, బేరగాడు దాన్నే ఇంకొంచెం మోటుగా చెప్పాడు. పైసలు లెక్కబెట్టుకున్నాక ఇందాకటి ఆమే, పాపం ఆశకొద్దీ, “ఇవి మొదటి గడిల రాస్తె ఏమైతది? జర మంచిగ గనబడ్తది గద, బ్యాంకోళ్లకు చూపిచ్చినా” అంది.

కమిలి తల ఎత్తలేదు. “రెండో గడిలనే. అమ్ముకున్నది సంపాదన గాదు.”

ఆ మాట మా ఆడబిడ్డ గొంతులోనే వినపడింది నాకు. నేర్పినామె వినడానికి లేదు. కమిలికి రాసింది నమ్మడం వచ్చింది, ఒక మర ఖరీదుకు. మా ఆడబిడ్డ ఫీజులు ఎప్పుడూ ఎక్కువే అని నవ్వబోయి ఊరుకున్నాను.

సాయంత్రానికి పట్టా కమిలి చేతికి వచ్చింది. సంచిలో పెట్టుకొని సంబరపడలేదు. పూర్తి సరుకు పొయ్యలేరు గనుక భూపాలపల్లి గిరాకీ వదులుకున్నారు. పాత మర ఒక్కటే మిగిలింది. దాని మీద అంతమందికి పని లేదు, ఇద్దరు పత్తి ఏరడానికి పోతున్నారు.

మొన్న మళ్లీ పోయి చూశాను. రేకుల గదిలో గచ్చంతా కారం పట్టి ఎర్రబడి ఉంది. గచ్చు కడిగి కొత్త మర నిలబెట్టిన మేర మాత్రం నలుచదరంగా, తెల్లగా ఉంది. అక్కడేమీ లేదు. అయినా ఆడవాళ్లు బస్తాలు మోసుకుంటూ, జల్లెడలు పట్టుకొని, ఆ తెల్ల చదరం మీద కాలు పడకుండా చుట్టూ తిరిగి పోతున్నారు. పక్కకు జరుగుతున్నామని వాళ్లకు తెలిసినట్టు లేదు. కాసేపటికి చూస్తే నేను కూడా గోడ పక్కనుంచే నడుస్తున్నాను.