రమణి వేసిన కేక

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. రమణి నోరు మంచిదే. కానీ ఆ నోరు ఒక్కసారి తెరుచుకున్నందుకు మా ఇద్దరి ఉద్యోగాలూ ఊడాయి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఒళ్ళు పులకరిస్తుంది కూడా. రెండూ ఒకేసారి ఎలా అవుతాయని అడక్కండి, అవుతాయి.

నా పేరు జైనబీ, మాది ప్రొద్దుటూరు. మస్కట్ పక్కన అల్ హైల్లో సముద్రం వైపున్న ఒక ఇంగ్లీషు దంపతుల విల్లాలో నేను వంటమనిషిని. ఎనభై ఎనిమిదిలో ఆ ఇంటికి ఊడ్చడానికి, ఇస్త్రీకి రమణి వచ్చింది. మైదుకూరు దగ్గర పల్లె. చేతిలో చీపురున్నా మనసంతా నాటకాల మీదే. వాళ్ళ నాయన వీరబ్రహ్మం పగలంతా వడ్రంగం చేసి, పొద్దుగూకితే పద్యనాటకంలో రాణి వేషం కట్టేవాడట. మీసం తీసేసిన మొగుణ్ణి చూసి వాళ్ళమ్మ ఏడ్చేదట, కూతురు మాత్రం మురిసిపోయేదట. స్టేజి ముందు చాప మీద పెరిగిన పిల్ల అది.

ఇలాంటిదాన్ని తెచ్చి ఐరిస్ మేడం ఇంట్లో పడేశాడు దేవుడు! ఒకరోజు బీరువా మీది పెట్టె దులుపుతుంటే ఫోటోలు బయటపడ్డాయి. రమణి వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! అక్కా! మన మేడం వేషాలు కట్టేదంట! సినిమాల్లో గూడా ఉండాది!"

"ముందు ఆ చీపురు కింద పెట్టవే, కూరలో దుమ్ము పడతాది," అన్నాను. కానీ స్టవ్ ఆపి నేనూ చూడ్డానికి పోయాను. అబద్ధం ఎందుకు, మేడం ఆ ఫోటోల్లో దొరసానిలా వెలిగిపోతోంది.

ఆ రోజు నుంచి ఇస్త్రీ వేళ మేడం వచ్చి స్టూలు మీద కూర్చోవడం, సగం ఇంగ్లీషు సగం హిందీలో తన కథ చెప్పడం, రమణి ఊ కొట్టడం. పద్దెనిమిదేళ్ళకు ఏదో సముద్రపు ఒడ్డు ఊళ్ళో, చిన్న నాటకశాలలో టీ కప్పులు తెచ్చే పనిమనిషి వేషంతో మొదలుపెట్టిందట. ("మా వేషమే!" అని రమణి ఎగిరి గంతేసింది.) తర్వాత లండన్ స్టేజి. సినిమాల్లో నర్సు, దయ్యం, మొదట్లోనే చచ్చిపోయే పెళ్ళాం. ఒక సినిమా బాగా ఆడి, బజార్లో జనం ఆపి పలకరించేవాళ్ళట. ఆపైన నలభై దాటాయి. పిలిచేవాళ్ళు తగ్గారు. అప్పుడే ఒకనాడు నిండు హాల్లో మాట మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. తెర దించేశారు. మళ్ళీ స్టేజి ఎక్కే ధైర్యం లేక, సార్‌కి ఇక్కడి ఆయిల్ కంపెనీలో ఉద్యోగం వస్తే వెంట వచ్చేసింది.

"ఓస్, దీనికేనా? మా నాయన పద్యం మరిచిపోతే హార్మోనియమాయన ఇంకాసేపు వాయిచ్చేటోడు. ఈయనకు గ్యాపకం వచ్చేదాకా," అంది రమణి. చేతులతో హార్మోనియం వాయించి మరీ చూపించింది. మేడం కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది.

తొంభై రెండు చలికాలంలో మస్కట్‌లోని ఇంగ్లీషువాళ్ళు కొందరు కలిసి ఒక హోటల్ హాల్లో నాటకం వేద్దామన్నారు. మేడం వద్దు వద్దంటూనే ఒప్పుకుంది. చూడ్డానికి లండన్ నుంచి ఒక నాటకశాల పెద్దమనిషి కూడా వస్తున్నాడని తెలిసింది. ఇక్కడ ఆయన చెల్లెలు ఉంది.

భోజనాలు వడ్డిస్తుంటే సార్ అన్న మాట నా చెవిన పడింది. ఆయన కాంట్రాక్టు జూన్‌తో సరి. ఆ పెద్దమనిషి మేడంకి వేషం ఇస్తే ఇల్లు ఖాళీ చేసి లండన్ పోతారు. ఇవ్వకపోతే ఇంకో రెండేళ్ళకు సంతకం పెడతారు.

ఆ రెండేళ్ళే రమణికి కావాలి. చెల్లెలు కవిత కడపలో టీచర్ ట్రైనింగ్‌లో అప్పుడే చేరింది. ఇక్కణ్ణుంచి రమణి పంపితేనే అక్కడ చదువు. వీసా ఆ ఇంటి మీదే ఉంది. ఇల్లెత్తేస్తే విమానం ఎక్కాల్సిందే.

"మే, విన్నావు గదా. ఆ నాటకం చెడిపోవాలని మొక్కుకో," అన్నాను.

"అట్లా అనొద్దక్కా, కండ్లు పోతాయి!" అని చెవులు మూసుకుంది.

అదే మనిషి రోజూ సాయంత్రం మేడం చెప్పులు చేత్తో పట్టుకుని సముద్రం దగ్గరికి వెంట పోయేది. నాటకంలో మేడం ఒక లైట్‌హౌస్ ముసలామె. మొగుణ్ణి మింగిన సముద్రాన్ని నిలబడి తిట్టే ఘట్టం ఉంది. నేనూ ఒకరోజు చూడబోయాను. యా అల్లా! ఆ గాలిలో ఆమె జుట్టు విరబోసుకుని అరుస్తుంటే, వల లాగుతున్న జాలర్లు పని ఆపేసి చూశారు. ఇంగ్లీషు నాకు సగం కూడా రాదు, కానీ తిట్టు తిట్టే కదా. మా ప్రొద్దుటూరు కుళాయి దగ్గర కూడా అంత గొప్ప తిట్లు వినలేదు.

నాటకం రోజు రానే వచ్చింది. బట్టలు మార్చే సాయానికి రమణి తెర పక్కన, సమోసాల ట్రేతో నేను హాలు వెనక. సూట్లు, సెంట్లు, పిన్ను పడితే వినబడేంత నిశ్శబ్దం. మొదటి సగం మేడం గొంతులో జీవం లేదు. లండన్ పెద్దమనిషి ఆవలించాడు. పోన్లే, గండం గడిచింది, ఇంకో రెండేళ్ళు అన్నం తినొచ్చు అనుకున్నాను.

తర్వాత సముద్రాన్ని తిట్టే ఘట్టం. మేడం ఒక్క మాటా మరిచిపోకుండా చెప్పింది. బాగానే చెప్పింది. చివరి మాట అయ్యీ కాకముందే తెర పక్కనుంచి హాలు అదిరిపోయేలా ఒక కేక.

"వన్స్ మోర్! మేడం, వన్స్ మోర్!"

మా వైపు నాటకాల్లో పద్యం పండితే జనం వన్స్ మోర్ అంటారు, నటుడు మళ్ళీ పాడతాడు. పాడకపోతే మర్యాద కాదు. కానీ ఇది మైదుకూరా? మనుషులంతా మెడలు తిప్పి చూశారు. సార్ మొహం కందిపోయింది. మేడం మాట ఆగిపోయింది. స్టేజి మీద అలాగే నిలబడిపోయింది. అయిపోయింది, మళ్ళీ మరిచిపోయింది అనుకున్నారందరూ. నేనూ అనుకున్నాను.

మేడం మెల్లగా తెర పక్కకు చూసింది. నవ్వింది. జడపిన్నులు పీకి జుట్టు విరబోసుకుంది. మొదటి మాట నుంచి మళ్ళీ ఎత్తుకుంది చూడండి! హాల్లోకి సముద్రమే వచ్చినట్టయింది. ముందు వరసలో ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. అయిపోగానే లండన్ పెద్దమనిషి లేచి నిలబడి, అరచేతులు ఎర్రబడేలా కొట్టాడు. ఉద్యోగం పోతోందని తెలిసి కూడా నేను సమోసాల ట్రే కింద పెట్టి చప్పట్లు కొట్టాను. ఇంకేం చేయగలను?

జూన్‌లో ఇల్లు ఖాళీ అయింది. నన్ను అదే వీధిలో ఇంకో ఇంట్లో పెట్టారు. రమణికి ఎంత తిరిగినా ఇల్లు దొరకలేదు. సీబ్ విమానాశ్రయంలో మేడం దాన్ని వాటేసుకుని ఏడ్చింది. కవిత చదువు ఆగిపోయింది. పెళ్ళి చేసుకుని అత్తగారింటికి పోయిందని ఊరివాళ్ళు చెప్పారు.

మేడం నాటకం లండన్‌లో చాలాకాలం ఆడింది. ఆ తర్వాత సినిమాలు, టీవీ. తొంభై ఆరులో రమణి మళ్ళీ ఒమన్ వచ్చింది. నేను చెప్పి పెట్టించిన ఇంట్లోనే పని. ఒక శుక్రవారం నేను పనిచేసే ఇంటివాళ్ళు తెచ్చిన వీడియో క్యాసెట్‌లో మేడం కనబడింది. పేరు అందరికన్నా ముందు పడింది. ఇద్దరం కేకలు వేసుకుంటూ చూశాం.

సినిమా అయ్యాక ఉండబట్టలేక అడిగేశాను. "ఏమే, ఆ పొద్దు నోరు మూసుకోని ఉంటే కవిత టీచరయ్యేది గదా. ఎప్పుడన్నా అనిపిచ్చిందా?"

"అనిపిస్తాది. కవిత నాతో ఇంగా మాట్లాడదు," అంది. కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ మొహం వెలిగింది. "అయినా అక్కా, పుట్టినకాడ్నుంచి అందురూ నాకు పని చెప్పేటోళ్ళే. నేను అడిగితే, నా కోసరమని ఒకరు ఒక పని చేసింది ఆ పొద్దొక్కటే. అంత పెద్ద నటి, అంతమంది దొరల ముందర, నేను అడిగినానని మళ్ళా చేసింది."