బార్కస్‌లో ఒకరి మండీ

ఆకాశపక్షులకు వేళకు మేత పెట్టే దేవునికి స్తోత్రం. ఇరవై అయిదేండ్ల సంసారంలో ఏ పూటా మా ఇంట్ల గిన్నె బోర్లించనియ్యని ఆయన కృపకు వందనాలు. ఇప్పుడు చెప్పబోయే సంగతిల తప్పు నాది, మహిమ ఆయనది.

మాది సైదాబాద్. మా సంఘంలో నేను పెద్దను, ఆదివారం పిల్లలకు వాక్యం చెప్త. హోటల్ల ఎట్ల పొదుపు చెయ్యాలన్నది కూడ నాకు కంఠతా వచ్చు. అడిగినోళ్లకు, అడగనోళ్లకు అందరికీ చెప్త. పోయేముందు ఇంట్ల ఇంత ఉప్మా తినాలె. నీళ్ల సీసా వెంట తీస్కపోవాలె. బిర్యానీ ఇద్దరికి ఒక్కటే చెప్పి, ఖాళీ పళ్ళెం ఇంకోటి అడగాలె. బిర్యానీల కలుపుకునే సాలన్ పులుసు, పెరుగు చట్నీ ఊరికే ఇస్తరు గనుక రెండుసార్లు అడిగినా పాపం కాదు.

"మా ఆమెకు సగం చాలు" అని ప్రతి హోటల్ల వెయిటర్‌కు నేనే చెప్పేటోణ్ణి.

ఈ యేడు మా ఇరవై అయిదో పెండ్లిరోజు వచ్చింది. "ఏం కావాలె?" అని అడిగిన. పట్టుచీర అంటదేమోనని లోపల భయం. ఆమె వంకాయలు కోసుకుంటనే అన్నది:

"ఒక్కసారి హోటల్ల నా పళ్ళెం నాకు కావాలె. ఎవలతోని పంచుకోను. పెద్ద ముక్క నాకే రావాలె."

"గింతేనా?"

"గింతేనా అంటున్నరు గని, ఇన్నేండ్లల్ల అయ్యిందా?"

మాట ఇచ్చిన. ఇచ్చిన గని నా బుద్ధి ఊకోలేదు. బాగ ఆలోచించి ఆమెను బార్కస్‌కు తీస్కపోయిన. అక్కడ అరబ్బుల మండీ దొరుకుతది. తాంబాళమంత పెద్ద తబుకుల అన్నం, పైన మాంసం. అందరు చుట్టూ కూర్చుని ఒకే తబుకుల తినుడే అక్కడి మర్యాద. నా పళ్ళెం, నీ పళ్ళెం అనే మాటే అక్కడ పుట్టదు. ఇగ మాట తప్పింది నేను కాదు, ఆచారం.

పరుపుల మీద కూర్చున్నం. "కిత్నోం కా, చాచా?" అని, ఎంతమందికి తేవాలనో అడిగిండు వెయిటర్. "ఏక్ కా" అన్న. ఒకరికని చెప్పినా ఇద్దరికి సరిపోయే అన్నం వస్తదని ముందే కనుక్కొని పెట్టుకున్న.

తబుకు వచ్చింది. పొగలు కక్కే అన్నం మీద ఒక తొడ ముక్క. మా ఆమె తబుకును చూసింది, నన్ను చూసింది.

"ఇదేంది? పళ్ళాలేవి?"

"ఇక్కడ గిట్లనే తింటరు. ఆదిలో విశ్వాసులు కూడ పంచుకునే తిన్నరు. ప్రభువు అయిదు రొట్టెలు ఎంతమందికి పంచిండు?"

"ప్రభువు పంచితే గంపలకు గంపలు మిగిలినయి. మీరు పంచితే నాకు బొక్కలు మిగుల్తున్నయి."

కండ్లు మూసి ప్రార్థన మొదలుపెట్టిన. ఇరుకున పడ్డప్పుడు నా ప్రార్థన జర పొడుగైతది. రోగుల కోసం, విధవరాండ్ర కోసం, దేశాన్ని ఏలేటోళ్ల కోసం ప్రార్థించి ఆమేన్ అని కండ్లు తెరిచేసరికి తబుకు ఆమె ముందట ఉన్నది.

"ఒకరికి అని మీరే చెప్పిన్రు" అన్నది నిమ్మళంగ. "ఆ ఒకరు నేనే."

నా ముందట ఊరికే ఇచ్చిన టమాట చట్నీ, ఉల్లిగడ్డ, కీర ముక్కలు మిగిలినయి. అటు పోతున్న వెయిటర్ ఆగి, "ఔర్ ఆప్‌కో, చాచా?" అని, మరి నాకేం తేవాలనో అడిగిండు.

"ఉపవాసం" అన్న.

"ఉపవాసముంటే చట్నీ ఎందుకు నాకుతున్నరు?" అన్నది మా ఆమె తలెత్తకుండనే. వెయిటర్ నవ్వు ఆపుకోలేక మొఖం తిప్పుకున్నడు.

సగంల ఆపుతదని నా నమ్మకం. సగమైంది. ఆగలేదు. పొద్దున చేసిన ఉప్మా నేనొక్కణ్ణే తిన్న సంగతి అప్పుడు యాదికొచ్చింది. ఆమె తొందరపడలేదు. బొక్క మీది మాంసం వేళ్లతోని వలుచుకుంట, అన్నంల కిస్మిస్‌లు ఏరుకుంట, తబుకు అడుగు కనబడేదాక తిన్నది.

ఇన్నేండ్లు ఒకే ఇంట్ల ఉండి, ఆమె ఆకలి ఎంతనో నేను చూడనేలేదు. సగం చాలని ఆమె ఒక్కనాడు కూడ అనలేదు. అన్నది నేను.

"ఏక్ ఔర్ లావో, భాయ్" అన్న. రెండో తబుకు వచ్చింది.

"ప్రార్థన పొట్టిగ చెయ్యుండ్రి. సల్లారుతది."

పొట్టిగనే చేసిన. "ప్రభువా, ఈమెకు సగం చాలని ఎన్నోమార్లు అబద్ధమాడిన. క్షమించు."

నాకంటె ముందు ఆమెనే ఆమేన్ అన్నది. అని, నా తబుకు దిక్కు చెయ్యి చాపింది. "జర రుచి చూస్త."

చూడనిచ్చిన.

చదివే సహోదరీ సహోదరులారా, ఈ పూట అన్నం ముందు కూర్చున్నప్పుడు నాతో కలిసి ఈ ఒక్క మాట ప్రార్థించుండ్రి: తండ్రీ, పక్కన కూర్చున్నవారి ఆకలిని వారిని అడగకుండా మేమే కొలిచి చెప్పకుండునట్లు మా నోటికి కావలి ఉంచుము. ఆమేన్.