ప్రెసిడెంటు గారి పరామర్శలు

ఆయన పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. సామెత కోసం అంటున్న మాట కాదిది. గిన్నె అడుగున మిగిలిన పాలచుక్క భార్య పిల్లిపిల్లకి పోస్తే, ఆ చుక్క తన టీలో పడినా కాస్త రంగొచ్చేదని మొహం ముడుచుకున్న మనిషి. అలాంటివాడు పిల్లుల సంఘానికి ప్రెసిడెంటు ఎలా అయ్యాడంటే, ఆ అపార్ట్‌మెంటులో ఇంకో కుర్చీ ఏదీ ఖాళీగా లేక అయ్యాడు.

ఉద్యోగమంతా ఒక బీమా ఆఫీసులో చేశాడు. అక్కడ ఏం చేశాడని అడిగితే పాత సహోద్యోగులు కాసేపు ఆలోచనలో పడతారు. ఫైలు కదిపిన గుర్తు ఎవరికీ లేదు. సంతాప సభలు మాత్రం అందరికీ గుర్తున్నాయి. ఎవరింట్లో చావు జరిగినా మొదటి పరామర్శ ఆయనదే. గొంతు సగానికి తగ్గించి, ఇంటివాళ్ళ చేతులు రెండూ పట్టుకుని, వాళ్ళకంటే ముందే కళ్ళు తుడుచుకుని, లేచేముందు ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆ పోయిన మనిషిని బతికున్నన్నాళ్ళూ సెలవు మంజూరు చెయ్యకుండా ఏడిపించినవాడూ ఆయనే. అయితేనేం, పోయినవాడు లేచొచ్చి కాదని చెప్పడు. ఆ ఒక్క ధీమా మీదే ఆయన మంచితనమంతా నిలబడింది.

రిటైరయ్యాక ఆ వైభవం పోయింది. అపార్ట్‌మెంటులో మనుషులు ఆయనకు కావలసినంత తొందరగా చావడం లేదు. ఫ్లాట్ల అసోసియేషన్ కుర్చీలో నాలుగో అంతస్తు ప్లీడరు పాతుకుపోయి ఉన్నాడు. ఆయన బాల్కనీలో కూర్చుని కింద నడిచేవాళ్ళని లెక్కపెట్టుకుంటున్న రోజుల్లో, భార్య ఒక సాయంత్రం నీళ్ళ మోటారు గదిలోంచి తల్లి వదిలేసిన పిల్లిపిల్లని తువ్వాల్లో చుట్టి తెచ్చింది. నల్లగా, గుండ్రంగా ఉందని దానికి మిరియం అని పేరు పెట్టి, వెనక గదిలో కిటికీ పక్కన చోటిచ్చింది. ఆ ఇంట్లో ఆమె పిలిస్తే పలికే ప్రాణి అదొక్కటే. మొగుడు కూడా పలుకుతాడు గానీ, ఎదురుగా కనీసం పదిమంది కూర్చుని ఉండాలి.

మిరియాన్ని చూడటానికి ఇరుగుపొరుగు వచ్చిపోతుంటే ఆయన కళ్ళు తెరుచుకున్నాయి. సగం ఫ్లాట్లలో పిల్లులున్నాయి. పిల్లులుంటే వాటికి యజమానులుంటారు, యజమానులుంటే సభ పెట్టొచ్చు, సభ పెడితే దానికి అధ్యక్షుడు ఉండక తప్పదు. నెల తిరక్కుండా మార్జాల మిత్రమండలి పుట్టింది. పుట్టించిన మంత్రసానే పెద్దకొడుకై కూర్చున్నాడు.

మూడో అంతస్తు సంగీతం మేష్టారి ముసలి పిల్లి నిండు వయసులో కన్నుమూసినప్పుడు ప్రెసిడెంటు గారికి ప్రాణం లేచొచ్చింది. చాలాకాలం తర్వాత చేతికి చిక్కిన చావు. ఆ పిల్లి పడుకునే చిన్న పరుపులాంటి మెత్తను, ఎర్ర వెల్వెట్టుది, అంచుకి బంగారు రంగు కుచ్చులున్నదాన్ని రెండు చేతులతో పైకెత్తి, ఇది ఇకనుంచి మన మండలి వారసత్వమని ప్రకటించాడు. ఏ ఇంట్లో పిల్లి పోయినా ఈ మెత్త ఆ ఇల్లు దాటి, మండలిలో అందరికంటే చిన్న పిల్లిపిల్ల ఉన్న ఇంటికి వెళ్ళాలి. పాత ప్రాణం కొత్త ప్రాణాన్ని దీవించినట్టట. అందరూ చప్పట్లు కొట్టారు. చదువుకున్నవాళ్ళే, ఉద్యోగాలు వెలగబెట్టినవాళ్ళే. ప్రేమ పేరు చెబితే బుర్ర గుమ్మం బయట విప్పి లోపలికి వచ్చేవాళ్ళు లోకంలో ఎప్పుడూ తక్కువ లేరు.

మెత్త రెండో అంతస్తుకి, ఫొటో స్టూడియో ఆవిడ ఇంటికి వెళ్ళింది. ఆమె బూడిదరంగు పిల్లిపిల్ల దానిమీద హాయిగా పెరిగింది. తర్వాత ఆమె చెల్లెలు ఊరినుంచి ఇంకో పిల్లిని తెచ్చి కొన్నాళ్ళు అక్కడే ఉంచింది. అది వస్తూనే నీరసంగా ఉంది. ప్రయాణం బడలికనుకున్నారు. అది కోలుకుంది గానీ, బూడిదరంగుది వాంతులు మొదలుపెట్టింది. ఒళ్ళు కాలిపోతోంది, కడుపు జారిపోతోంది. నీళ్ళ గిన్నె ముందు మూతి వేలాడేసుకుని కూర్చుంటుంది, ఒక్క గుక్క తాగదు.

ప్రెసిడెంటు గారు పరామర్శకు బయల్దేరారు. పిల్లిని ఒళ్ళో పెట్టుకున్నారు, నిమిరారు, దాని మూతి స్వయంగా తుడిచారు, ఆవిడ ఫొటోలు తీసింది. అక్కణ్ణుంచి ధైర్యం చెప్పడానికి అదే చొక్కాతో, అవే చేతులతో ప్లీడరు ఇంటికెళ్ళి ఆయన పిల్లిపిల్లని ముద్దు చేశారు. ఇంటికొచ్చి వెనక గదిలోకి వెళ్ళబోతే, మిరియం నిద్రపోతోందని భార్య తలుపు మూసేసింది. ఈ మధ్య అది ఎప్పుడు చూసినా నిద్రపోతూనే ఉంటోంది.

బూడిదరంగు పిల్లి పోయింది. మెత్తకి సెంటు చల్లి, ఊరేగింపుగా నాలుగో అంతస్తుకి తీసుకెళ్ళి ప్లీడరు పిల్లిపిల్లని దానిమీద కూర్చోబెట్టారు. వారం గడవకముందే అదీ అలాగే మూతి వేలాడేసింది.

అప్పుడు దోషి కోసం వెతుకులాట మొదలైంది. ఇలాంటి వెతుకులాటలు ఎప్పుడూ పైనుంచి కిందికే జారతాయి, చెత్తడబ్బాల దగ్గర ఆగుతాయి. అక్కడ, మెట్లు ఊడ్చే ఆవిడ తన అన్నంలోంచి నాలుగు మెతుకులు తీసి వీధి పిల్లులకి పెడుతుంది. ఇంకేం, రోగం ఆమె చెప్పులకంటుకునే పైకొస్తోందని మండలి తీర్మానం చేసింది. గేటు దగ్గరే చెప్పులు విప్పి, ఉత్త కాళ్ళతో మెట్లెక్కాలన్నది ప్రెసిడెంటు గారి ఉత్తర్వు.

ఆవిడ చీపురు గోడకానించి ఆయన కాళ్ళవైపు చూసింది. "సరేనయ్యా. మరి తమరి చెప్పులో?"

"నావి ఇంట్లో చెప్పులమ్మా" అన్నాడాయన, ఇంట్లో చెప్పులతో నాలుగంతస్తులూ తిరిగొచ్చిన మనిషి.

పని పోతే ఇంకో పని వెతుక్కోవాల్సింది ఆవిడే గనక మాట మింగి చెప్పులు విప్పింది. మండలి సభ్యులు అది చూసి గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నారు. ఒక పేద మనిషి కాళ్ళు కాలితే తమ పిల్లులకి జ్వరం తగ్గుతుందని నమ్మే వైద్యం వాళ్ళది.

ఆ రోజుల్లో భార్య ఇంట్లో ఒక్కటే మాట మళ్ళీ మళ్ళీ అంది. ఆ జబ్బిళ్ళకి వెళ్ళకండి, వెళ్ళినా తిన్నగా లోపలికి రాకండి, మిరియం చిన్నపిల్ల, దానికంటుకుంటే బతకదు. అంతకు చాలా ముందే ఆమె టీకా సంగతి ఎత్తింది. ఆయన కొట్టిపారేశాడు. "గడప దాటని పిల్లికి సూదెందుకే? రోగాలు వీధిలో తిరిగేవాటికి. ప్రెసిడెంటు ఇంటి పిల్లికి సూది పొడిపిస్తే జనం ఏమనుకుంటారు?" జనం ఏమనుకుంటారన్నది ఆయనకు థర్మామీటరు, నాడి, మందు అన్నీనూ.

ప్లీడరు పిల్లి కూడా పోయింది. ఇక అందరికంటే చిన్నది మిరియమే. తాను పెట్టిన నియమం తన ఇంటికే దారి చూపించింది. వద్దనడానికి ఇప్పుడు కూడా వ్యవధి ఉంది. కానీ వద్దంటే మెత్తలో దోషముందని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ఊరేగించినవాడెవడన్న ప్రశ్న వస్తుంది. పిల్లి ప్రాణం ఒకవైపు, కుర్చీ పరువు ఒకవైపు. తూకం వెయ్యడానికి ఆయనకు అట్టే సేపు పట్టలేదు. ఎర్ర మెత్త ఎత్తుకుని, వెనకాల స్టూడియో ఆవిడ, మేష్టారు, ప్లీడరు రాగా, తన ఇంటి హాల్లోకి అడుగుపెట్టాడు.

భార్య వెనక గది తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉంది.

"అక్కడే ఆగండి" అంది.

"నలుగురి ముందూ ఏమిటిది? పక్కకి జరుగు."

"నలుగురు కాకపోతే నలభైమందిని తెచ్చుకోండి. ఈ తలుపు తియ్యను."

ఆ గొంతు ఆయన ఎప్పుడూ విని ఉండలేదు. నవ్వి తేల్చేద్దామని చూశాడు. మా ఆవిడకి భయం ఎక్కువ, డాక్టరు నోటితో చెప్పిస్తే ధైర్యమొస్తుందన్నాడు. పశువుల డాక్టరమ్మ ఆ సమయానికి నాలుగో అంతస్తులోనే ఉంది. ప్లీడరు ఇంట్లో మిగిలిన పెద్ద పిల్లిని చూడటానికి వచ్చింది. ఎవరో పరుగెత్తి పిలిచారు.

ఆమె గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. కుర్చీ వేస్తే వద్దంది. "నేనిప్పుడే జబ్బింట్లోంచి వస్తున్నాను. లోపల చిన్న పిల్లి ఉందని తెలుసు. రాను" అంది. ప్రెసిడెంటు మెత్త ఒళ్ళో పెట్టుకుని, వీధి పిల్లుల మూలంగానే ఇదంతా అని ఆమె నోట చెప్పించాలని రెండుమూడు విధాల అడిగాడు. వీధి పిల్లులకీ ఈ జబ్బు రావచ్చు, వాటికీ టీకాలు వేయించాల్సిందే అందామె. అయితే చెత్తడబ్బాల దగ్గరి పిల్లి తాళాలు తీసుకుని నాలుగో అంతస్తు బెడ్‌రూములోకి రాదు కదా అని కూడా అంది.

తర్వాత వరసగా చెప్పుకుపోయింది. ఈ వైరస్ జబ్బు పిల్లి మలంలో, వాంతిలో ఉంటుంది. అక్కణ్ణుంచి చేతులకి, బట్టలకి, చెప్పులకి, గిన్నెలకి, పరుపులకి ఎక్కుతుంది. మనిషినేమీ చెయ్యదు, మనిషి మీదెక్కి ఊరేగుతుంది. సబ్బుకీ సెంటుకీ చావదు, నెలల తరబడి నేలమీదే కూర్చుంటుంది. ముందు శుభ్రంగా కడిగి, ఆ తర్వాత బ్లీచింగు నీళ్ళు పోసి కాసేపు నాననిస్తేనే పోతుంది. పరుపుల్లాంటివి కాల్చెయ్యాలి. జబ్బు పిల్లిని వేరే గదిలో ఉంచాలి, దాన్ని చూసే మనిషి బట్టలు మార్చుకోకుండా ఇంకో పిల్లిని ముట్టుకోకూడదు. జబ్బొచ్చిన ఇంట్లోకి టీకా లేని పిల్లిపిల్లని చాలాకాలం తేకూడదు. అన్నిటికంటే ముందు, పిల్లి గడప దాటినా దాటకపోయినా వేళకి టీకాలు పడాలి.

"అన్ని ఇళ్ళకీ తిరిగినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగింది చివరికి.

ఎవరూ వేలు చూపించలేదు. అక్కర్లేకపోయింది. అందరూ ఎర్ర మెత్త వైపు, దాన్ని పట్టుకున్న చేతుల వైపు చూశారు. ఊడ్చే ఆవిడ సంగతి ఒక్కరికీ గుర్తుకు రాలేదు. మర్నాడు వాచ్‌మన్ చేత ఇక చెప్పులు వేసుకోవచ్చని చెప్పించారు, అంతే. క్షమించమని అడగడానికి మండలి నియమావళిలో చోటు లేదు.

డాక్టరమ్మ గది తలుపు వైపు చూసి, "మిరియానికి రెండో సూది పడింది కదా ఆంటీ, నీరసమేమీ లేదుగా?" అంది.

"లేదమ్మా. బాగా తింటోంది" అంది భార్య.

హాలంతా ఆయనవైపు తిరిగింది. సూదా? ఎప్పుడు? టమాటాలకని సంచీ జిప్పు వేసుకుని ఆమె రెండుసార్లు బజారుకెళ్ళడం, రెండుసార్లూ టమాటాలు లేకుండానే తిరిగిరావడం ఇప్పుడు ఆయన బుర్రలో తిరిగాయి. అయితే ఆయన చిన్నాచితకా మనిషి కాదు. పోతున్న పరువు తోక కనబడితే చాలు, పట్టుకుని లాగేస్తాడు. ఛాతీ విరిచాడు.

"మా ఇంట్లో ముందే జాగ్రత్తపడ్డాం. టీకా విషయంలో నేను మొదటినుంచీ చాలా ఖచ్చితం" అన్నాడు.

స్టూడియో ఆవిడ మెల్లగా అడిగింది.

"మొదటినుంచీ తెలుసా అన్నయ్యగారూ?"

"తెలియకేం."

"మరి మా ఇంట్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న రోజు, ఒక్క మాట చెప్పలేదేం? ప్లీడరు గారికైనా చెప్పలేదేం?"

ప్లీడరు చేతులు కట్టుకున్నాడు. కోర్టులో సాక్షి తన గొయ్యి తానే తవ్వుకుంటున్నప్పుడు కూడా ఆయన అలాగే నిలబడతాడు. ప్రెసిడెంటు మెత్తని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. తెలుసంటే, తెలిసీ రెండు పిల్లుల్ని చావనిచ్చినవాడు. తెలియదంటే, ఇప్పుడే అబద్ధమాడినవాడు. జీవితమంతా ఎన్నో సభల్లో ఎన్నో మాటలు పలికిన ఆ నోటికి 'నాకు తెలియదు' అన్న మాట ఒక్కసారి కూడా తగల్లేదు. ఇప్పుడు అదే కావాల్సి వచ్చింది, అది రావడం లేదు. స్టూడియో ఆవిడ కళ్ళనీళ్ళు జారుతున్నాయి. వాటిని పరామర్శించే దమ్ము కూడా ఆయనకు లేకపోయింది.

గది తలుపు దగ్గరినుంచి భార్య అంది.

"ఆయన్ని అడక్కమ్మా. సూదులు నేను వేయించాను, ఆయనకి చెప్పకుండా. ఆయన వద్దన్నారు. ఆయనకేమీ తెలియదు. ఎప్పుడూ ఏమీ తెలియదు."

ఆ మాటలో కోపం లేదు. సామాను ఏ గదిలో ఉందో చెప్పినట్టు చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఆమెవైపు చూశాడు, మరో దారి ఏదైనా మిగిల్చిందేమోనని. మిగల్చలేదు. పదిమందిలో కొంపముంచేదీ అదే మాట, ఒడ్డున పడేసేదీ అదే మాట. ప్రెసిడెంటు గారు అవునన్నట్టు తలూపారు.