సింహం చూసిన వైపు

మా పెదనాన్న కొడుకు బెకిర్‌కు చదువు అబ్బలేదు, పని చేతకాలేదు, బంగారం పిచ్చి మాత్రం బాగా పట్టింది. బోగాజ్‌కలేలో ఆ పిచ్చి లేని మగాళ్లు తక్కువే. కొండ మీద మూడు వేల ఏళ్లకు పైబడిన హిట్టైట్ల రాజధాని శిథిలాలు, కింద మా ఊరు. తవ్వకాల్లో కూలికి వెళితే దొరికేవి మట్టిపెంకులే. అయినా టీ కొట్టు దగ్గర చేరారంటే అందరికీ బంగారమే కనిపిస్తుంది. రాతి మీద తాబేలు బొమ్మ ఉంటే ఒక అర్థమట, పాముంటే ఇంకొకటట. సింహమైతే అది చూసే వైపే నిధి.

బెకిర్ పెరట్లో ముక్కు అరిగిపోయిన రాతి సింహం ఒకటి ఉంది. అది సరిగ్గా తన వంటగది వైపే చూస్తోందని, జుట్టు నెరిశాక ఆ మహానుభావుడికి తట్టింది.

"అన్నా, దాన్ని అక్కడ పెట్టింది హిట్టైట్లు కాదు, మన తాత. పొలంలోంచి ఎద్దులతో ఈడ్చుకొచ్చి గాడిదను కట్టేయడానికి పాతాడు. వీధి వైపు ఉంటే పిల్లలు జడుసుకుంటున్నారని నాయనమ్మే అటు తిప్పించింది" అన్నాను.

"నీకేం తెలుసే? సింహమే తనకు కావలసిన వైపుకు తాత చేత తిప్పించుకుంది."

ఇలాంటి బుర్రతో ఎవరు వాదిస్తారు?

అతని భార్య ఎల్మాస్ వదినకు ఆ ఇల్లు తప్ప మరేమీ లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో దాని ఇటుకలన్నీ తనే కోసింది. మొగుడు టీ తాగుతూ చూశాడు.

"గోడ కింద తవ్వకయ్యా, నీకు దణ్ణం పెడతా. ఇల్లు పోతే నేనెక్కడికి పోవాలి?"

"మేడ కట్టిస్తానే పిచ్చిదానా! అప్పటిదాకా ఆ రొట్టెలేవో ఇంకోచోట కాల్చుకో."

ఆమె పొయ్యి పగలగొట్టి గొయ్యిలోకి దిగాడు. నిధికి కాపలా ఉన్న జిన్ను భూతం పోవాలని ఆమె పుంజును కోసి నెత్తురు చల్లాడు. జిన్ను సంగతేమో గానీ కూర మాత్రం తనే తిన్నాడు. నిలువు లోతున ఒక జాడీ తగిలింది. ఆత్రంగా పగలగొడితే మాడిన గోధుమలు! సిగ్గున్నవాడైతే అక్కడితో ఆపేవాడు. ఇంకా తవ్వాడు. శీతాకాలం మొదటి వానకే గోడ కూలి గొయ్యిలో పడింది, దాని వెనకే కప్పు.

అనుమతి లేకుండా నిధి కోసం తవ్వాడని పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. తర్వాత పురావస్తు అధికారి వచ్చి, కూలిన మట్టి తీయించి, గొయ్యిలోకి తొంగిచూసి చంకలు గుద్దుకున్నాడు.

"ఎంత అదృష్టమమ్మా! హిట్టైట్ల ఇల్లు! గోడలతో, పొయ్యితో సహా ఉంది."

"నా గోడ ఎప్పుడు కట్టుకోవచ్చు బాబూ?"

"ఇక్కడ ఇక ఇటుక పెట్టడానికి లేదు. ఇది రక్షిత స్థలం."

"మరి నా ఇల్లో?"

ఆయనకు వినపడలేదు. అప్పటికే ఫొటోలు తీసుకుంటున్నాడు.

బెకిర్ జైలు నుంచి వచ్చి, టీ కొట్టులో కాలు మీద కాలేసుకుని "నేను కనిపెట్టిన ఇల్లు" అని చెప్పుకుంటున్నాడు. వినేవాళ్లూ ఉన్నారు. వాళ్లందరినీ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ స్థలం చుట్టూ కంచె వేశారు. పాతకాలపు పొయ్యి తడవకుండా రేకుల కప్పు వేశారు. వదిన మా వసారాలో రొట్టెలు కాలుస్తోంది. మొన్న వాన పడుతుంటే పిండి చేతులతోనే లేచి కంచె దాకా వెళ్లి వచ్చింది.

"కారడం లేదు" అంది. "వాళ్ల పొయ్యి పొడిగానే ఉంది."