కోదండయ్య అయ్యవారి పన్నెండు రోజుల బడి

గోపురం పనులకు చందా రాసిన చేత్తో, లెక్కల్లో చురుకైన మీ ఊరి పిల్లల కోసం ఎప్పుడైనా ఒక్క రూపాయి రాశారా? నిన్న చిత్తూరులో బెల్లం మండీ పక్కగా నడుస్తుంటే, ఎండకు కరుగుతున్న అచ్చుల తీపి వాసన ముక్కుకు తగిలింది. వెంటనే కోదండయ్య అయ్యవారు గుర్తుకొచ్చారు. ఈ ప్రశ్న ఆయనదే. ఎంతటి పెద్దమనిషినైనా ముఖం మీదే అడిగేవారు.

పందొమ్మిది వందల డెబ్భైల చివర ఆయన చిత్తూరులో హైస్కూలు లెక్కల మాస్టరు. వేసవిలో ఖాళీగా పడివుండే తరగతి గదిలో, చుట్టుపక్కల పల్లెల నుంచి ఏరిన ఇరవై మందికి నెల రోజులు పుస్తకంలో లేని లెక్కలు చెప్పాలని ఆయన పట్టుదల. నన్ను పంపమని అడగడానికి ఐరాలలో మా ఇంటికొచ్చారు. "ఆడపిల్లకు సెలవుల్లో కూడా లెక్కలెందుకు అయివారూ?" అన్నాడు నాయన. "మగపిల్లోడికి ఎందుకో ముందు నువ్వు సెప్పప్పా" అన్నారాయన. నాయన నా గుడ్డలు సంచీలో సర్దించాడు. మర్నాడే బస్సెక్కాను.

ఫీజు లేదు. అయ్యవారికి జీతమూ లేదు. మేము బడిలోనే ఉంటాం కాబట్టి తిండికి మాత్రం దాత కావాలి. బెల్లం మండీ యజమాని మునిరత్నం బియ్యం, పప్పు పంపుతానని ఒప్పుకున్నాడు. పదో రోజు బడి చూడటానికి వచ్చాడు. కాగితం ముట్టకుండా లెక్క కట్టే మనిషి. ముప్పై అయిదును ముప్పై అయిదుతో హెచ్చవేయమని అడిగి, మేము పలక అందుకునేలోపే తానే చెప్పేశాడు.

"మూడు, దాని తర్వాత నాలుగు. మూడు నాలుగులు పన్నెండు. పక్కన ఇరవై అయిదు పెట్టు. పన్నెండొందల ఇరవై అయిదు! కడాన అయిదుంటే సాలు, దేనికైనా ఇంతే."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి, "ఎందుకట్ల వస్తాది?" అన్నాను.

"మా తాత సెప్పినాడు. వస్తాది."

"అదే, ఎందుకు?"

"దేవుడిచ్చిన లెక్క పాపా! ఎందుకని అడగరాదు." ముఖం ఎర్రబడింది. అయ్యవారి వైపు తిరిగాడు. "పెద్దోళ్లను నిలదీసేదేనా ఈడ నేర్పేది? కాళ్లకు మొక్కి తప్పైందని సెప్పమను. లేకుంటే ఇంక బియ్యం రావు."

ఇరవై మంది తిండి. నా కాళ్లు వాటంతటవే కదిలాయి. అయ్యవారు చెయ్యి అడ్డం పెట్టారు.

"కూర్చో అమ్మా. మునిరత్నమప్పా, ఆ ప్రశ్న కోసమే ఈ బడి పెట్టినాను. దాన్ని బియ్యానికి అమ్మలేను."

ఇంకో రెండు రోజులకు సరిపడా బియ్యం ఉన్నాయి. ఆ రెండు రోజులూ గళ్ల కాగితాలు కత్తిరిస్తూ కూర్చున్నాను. పన్నెండో రోజు జవాబు దొరికింది. అటూ ఇటూ ముప్పై అయిదు గళ్లున్న చదరంలో ఒక అంచు నుంచి అయిదు గళ్ల పట్టీ కోశాను. మిగిలినదాని పొట్టి అంచుకు ఆ పట్టీని అతికిస్తే ముప్పైకి నలభై గళ్ల దీర్ఘచతురస్రం అయింది, అంటే పన్నెండొందలు. పట్టీలో అయిదుకు అయిదు ముక్క మిగిలింది. అదే ఇరవై అయిదు! అయ్యవారు చూసి, "పద మండీకి" అన్నారు.

మునిరత్నం కొనేవాళ్లను నిలబెట్టి మరీ ఆ కాగితాన్ని చూశాడు. పట్టీని తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. "మా తాతకు ఇది తెలిసుంటాదంటావా?" అని నన్నే అడిగాడు. నాకేం తెలుసు? చివరికి గొంతు సవరించుకున్నాడు. "బియ్యం మాత్రం పంపను. అన్న మాట అన్నదే. ఆ కాగితం ఈడ పెట్టి పోండి."

ఆ సాయంత్రమే బడి మూతపడింది. బస్టాండులో నేను ఏడ్చాను, నావల్లే కదా అని. "నీవల్ల కాదు," అన్నారు అయ్యవారు. "పదిమంది ఇయ్యాల్సిన బియ్యం ఒక్కని దగ్గర అడిగినాను. తప్పు నాది."

తర్వాత ఎన్నో వేదికలెక్కాను. స్వాములతో, జ్యోతిష్కులతో వాదించాను. నోరు మూసుకోమన్నవాళ్లకు లెక్కలేదు. అడిగినందుకు క్షమాపణ చెప్పడం మాత్రం నాకు ఈనాటికీ చేతకాదు. ఆ చేతకానితనం ఆయన పెట్టిన భిక్ష. దాన్ని గర్వంగా మోస్తున్నాను.

ఇక మీ వంతు. ఈ వేసవికి మీ ఊళ్లో ఒక తరగతి గది తాళం తీయించండి. పదిమంది కలిసి ఆ పిల్లల తిండి ఖర్చు భరించండి. గోడమీద మీ పేరు రాయించుకోవద్దు. వాళ్లలో ఒక పిల్ల లేచి మిమ్మల్ని ఎందుకని నిలదీస్తే, తెలియకుంటే తెలియదనే చెప్పండి. మర్నాడు కూడా బియ్యం పంపండి.