ఆరాక చెప్తాను

మేనకోడలు ఆఖరిసారి చూసినప్పుడు మావయ్య మడత స్టూలు మీద కూర్చుని కాంక్రీటు ఆరడం చూస్తున్నాడు. మామూలు మనుషులు సినిమా చూస్తారు, వాన చూస్తారు, ఎదురింటి గొడవ చూస్తారు. మావయ్య కాంక్రీటు ఆరడం చూసేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి అది. తడి ఆరకముందు లోకంలో దేని గురించీ మంచీ చెడూ చెప్పేవాడు కాదు.

ఆ రోజు ఇద్దరూ కలిసి ఆస్పత్రి ముందున్న కాంక్రీటు వాలు కడిగారు. దాని నిండా అంబులెన్సు ఏళ్ళ తరబడి కార్చిన నూనె, టైర్ల నలుపు, పైన కారే గొట్టం పుణ్యమా అని పెరిగిన పాచి. మధ్యాహ్నానికి పని ముగించి, మేనకోడలు చేతులు తుడుచుకుంటూ ఎప్పటిలాగే అడిగింది.

"ఎలా వచ్చింది మావయ్యా?"

"ఆరాక చెప్తాను. నువ్వింటికెళ్ళు. ఏనుగుని నేను తోలుకొస్తాలే."

ఏనుగంటే నేలలు కడిగే ప్రెషర్ వాషర్. చక్రాల మీద నడుస్తుంది, ఘీంకరిస్తుంది, తొండంతో నీళ్ళు చిమ్ముతుంది కాబట్టి మావయ్య దానికా పేరు పెట్టాడు.

సాయంత్రం ఆమె ఫోన్ చేసి మళ్ళీ అడిగింది. "ఇప్పటికైనా ఆరిందా?"

"నీకెందుకే అంత తొందర? ఆరాక చెప్తానన్నానుగా," అని నవ్వాడు మావయ్య. తెల్లవారేసరికి ఆయన లేడు. నిద్రలోనే వెళ్ళిపోయాడు. ఆస్పత్రి వాలు ఎలా వచ్చిందో చెప్పనే లేదు.

ఈ ఆరాక చెప్పడం ఒక్క కాంక్రీటుకే పరిమితమైతే ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఒకసారి అత్తయ్య ఎంతో మోజుపడి హాల్లోకి కొత్త కర్టెన్లు కుట్టించింది. "ఎలా ఉన్నాయండీ?" అంది.

"ఆరాక చెప్తాను."

"ఏం ఆరాలి? అవేం తడిగా ఉన్నాయా?"

"అవి పొడిగానే ఉన్నాయి. నీ మోజే ఇంకా తడిగా ఉంది. ఓ నెల పోనీ."

నెల దాటిన మర్నాడు మావయ్య వీధి గుమ్మంలోంచే, "కర్టెన్లు భేషుగ్గా ఉన్నాయే!" అని కేకేశాడు. అప్పటికి వాటి మీద అత్తయ్యకే మొహం మొత్తి, విప్పేసి పాత దుప్పట్ల పెట్టెలో పడేసింది. ఆయన మెచ్చుకుంటున్నది ఖాళీ కిటికీలని.

పక్కింటాయన కొత్త అల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చి, "మా అల్లుడండీ, మనిషెలా ఉన్నాడు?" అని మురిసిపోతూ అడిగాడు. మావయ్య అతన్ని కిందనుంచి పైదాకా ఓసారి చూసి, "ఆరాక చెప్తాను," అన్నాడు. పాపం, ఆ అల్లుడు గబగబా జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

ఎవరైనా నిలదీస్తే మాత్రం మావయ్య దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. "తడి కాంక్రీటంత అబద్ధాలకోరు ఇంకోటి లేదయ్యా. నీళ్ళు పడగానే నేలంతా ఒకటే రంగు. మరకా కనబడదు, మన తప్పూ కనబడదు. కడిగినవాడు మీసం మెలేసుకుని వెళ్ళిపోతాడు. మర్నాడు ఎండెక్కాక కదా అది నోరు విప్పేది!"

ఆ నోరు విప్పడం అంటే చారలు. నాజిల్ ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పట్టుకున్నా, వెళ్ళిన దారికి వచ్చిన దారి సగమైనా కలవకపోయినా, నేల ఆరాక ఒక తెల్లచార, ఒక నల్లచార పక్కపక్కనే పడుకుని కడిగినవాడి పరువు తీస్తాయి. నాజిల్ చివర బిగించే ముక్కులు మావయ్య దగ్గర నాలుగు రంగుల్లో ఉండేవి. తెల్లది నీళ్ళని వెడల్పుగా విప్పుతుంది, ఆకుపచ్చది కాస్త కూడదీస్తుంది, పసుపుది గట్టిగా గీరుతుంది. ఎర్రదాంట్లోంచి నీళ్ళు సూదిలా వచ్చి కాంక్రీటునే చెక్కేస్తాయి. ఎర్రముక్కుని ఆయన పాత కళ్ళజోడు పెట్టెలో దాచి, పైన రబ్బరుబ్యాండు వేసి పెట్టేవాడు. మనుషుల్ని కూడా ఈ రంగుల్లోనే లెక్కేసేవాడు. "మీ అత్తయ్య పసుపు. దూరంనుంచి మాట్లాడితే మంచిది," అని మేనకోడలి చెవిలో చెప్పేవాడు.

"నాకు వినబడింది," అనేది అత్తయ్య వంటింట్లోంచి.

"చూశావా, ఎంత దూరం తగుల్తుందో!"

మేనకోడలు ఈ పనిలోకి వచ్చి ఎనిమిదేళ్ళు. అంతకుముందు ఒక అచ్చాఫీసులో తప్పులు దిద్దేది. అది మూతపడి ఆమె ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నప్పుడు మావయ్యే వచ్చి పిలిచాడు. "అచ్చుతప్పులు పట్టుకునే కళ్ళు మరకల్ని పట్టుకోలేవా? రా." మొదటి రోజే గొట్టం చేతికిచ్చి, "కానివ్వండి మేస్త్రీగారూ," అన్నాడు. అదేం వెటకారమో అనుకుందామె.

కానీ పని పట్టుబడింది. పట్టుబడిందంటే అలా ఇలా కాదు, మొదటి రోజునుంచే పట్టుబడింది. ఒక్క చోట కూడా చార పడ్డట్టు ఎవరూ అనలేదు. నూనె మరక మీద పొడి చల్లి నానబెట్టడం, కుంచెతో రుద్దడం, ఆకుపచ్చ ముక్కుతో జానెడు ఎత్తునుంచి కొట్టడం, అంతా పుట్టుకతో వచ్చినట్టు వచ్చేసింది. ఆమెకి కొంచెం గర్వం కూడా వచ్చింది. "ఎందుకు మావయ్యా ఆ స్టూలు వేసుకుని పడిగాపులు? నా చేతిలో చార పడదు. ఇన్నేళ్ళలో ఒక్కటైనా పడిందా?"

"మర్నాడు పొద్దున చూసినవాళ్ళెవరూ పడిందనలేదు," అనేవాడు మావయ్య, చాలా జాగ్రత్తగా.

అత్తయ్యకి మాత్రం ఒక అనుమానం తీరేది కాదు. "కూర్చుని చూసే మనిషికి ప్యాంటు మోకాళ్ళదాకా ఎందుకు తడుస్తుందే? రోజూ చీకటి పడేవేళకి కాళ్ళు పిండుకుంటూ వస్తారు!"

"గాలికి తుంపర్లు," అనేవాడు మావయ్య. గాలి లేని రోజు కూడా అదే మాట.

మావయ్య పోయిన రెండు నెలలకి అత్తయ్య మేనకోడల్ని కూర్చోబెట్టి విషయం తేల్చేసింది. "పెరట్లో ఏనుగుని కట్టేసి నేనేం చేసుకోను? ఒక్కదానివీ నడపగలనంటే తీసుకో. లేదంటే అడిగినవాళ్ళకి ఇచ్చేస్తా. బడి నుంచి కబురొచ్చింది, ఏటా లాగే ముందు ఆవరణ కడగాలిట. అది చేసి చూపించు."

"చేస్తాను. స్టూలేది అత్తయ్యా?"

"అదే తెలీడంలేదే! ఇల్లంతా గాలించాను. ఆ ఆఖరి రోజు ఏనుగొక్కటే వచ్చింది. ఆయన కూడా పెందరాళే వచ్చేశారు, టీ వేళకే. విచిత్రం ఏంటంటే, ప్యాంటు పొడిగా ఉంది."

బడి సోమవారం తెరుస్తారు. శనివారం పొద్దున్నే మేనకోడలు ఏనుగుని తోలుకెళ్ళింది. రెండు రోజుల పని అది. చెయ్యలేనేమో అన్న భయం ఒక పక్క, చేసి చూపించాలన్న పట్టుదల ఒక పక్క తరుముతుంటే ఒక్క రోజులో పూర్తిచేసేసింది. సాయంత్రం తడి ఆవరణ పలకలా మెరుస్తోంది. దాన్ని చూసి ఆమె, మావయ్యా చూశావా, అనుకుంటూ ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయింది.

ఆదివారం పొద్దున వచ్చి చూస్తే ఆవరణ పొడుగునా చారలు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు, తెలుపూ నలుపూ. చీపురు పట్టుకుని ఎదురొచ్చిన ఆయా, "ఏమ్మా, ఇంకా కడగలేదేం?" అంది.

"నిన్నంతా కడిగాను కదా ఆయమ్మా!"

"అది మొదటిసారి. నేనడిగేది రెండోసారి సంగతి."

"రెండోసారేంటి?"

ఆయా చీపురు గోడకి ఆనించింది. "అదేనమ్మా, మీ మావయ్య కడిగేది. నువ్వు కడిగి వెళ్ళిపోయేదానివి. ఆయన స్టూలేసుకుని కూర్చునేవాడు. ఆరగానే చారలు తేలేవి. లేచి, ప్యాంటు మడిచి, మళ్ళీ కడిగేవాడు. నీకు తెలీదా?"

"ఎన్నిసార్లు?" అంది మేనకోడలు.

"మొదటేడు మొత్తం ఆవరణ. అచ్చం ఇలాగే ఉండేది. రెండో ఏడు సగం. తర్వాత్తర్వాత తగ్గిపోయిందిలే. కిందటేడు ఆ కుళాయి పక్కన చాటంత జాగా, అంతే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేను అడిగానమ్మా. 'చెప్తే దాని చెయ్యి బిగుసుకుంటుంది. బిగుసుకుంటే ఇంకా చారలు. పిల్ల నేర్చుకుంటోంది, ఆరనీ,' అన్నాడు."

మేనకోడలు అక్కడే బకెట్ బోర్లించి దాని మీద కూలబడింది. ముందు సిగ్గు ముంచుకొచ్చింది. వెనకే మంట. ఎనిమిదేళ్ళు! ఊరందరి తప్పులూ దిద్దిన తన తప్పుల్ని వెనకనుంచి ఇంకొకరు దిద్దుకుంటూ వచ్చారన్నమాట. పైగా తను ఆయన మొహం మీదే, నా చేతిలో చార పడదు, అని ఎన్నిసార్లు కోతలు కోసింది! అప్పుడాయన మీసాల కింద పెదవి కొరుక్కునేవాడు. పంటినొప్పేమో అనుకునేది.

ఆ మాట గుర్తొచ్చేసరికి ఆమెకి నవ్వొచ్చింది. నవ్వొచ్చాక చెయ్యి బిగుసుకోలేదు. లేచి ఏనుగుని లేపింది. ఈసారి తొందరపడలేదు. జానెడు ఎత్తు, ఒకే నడక, వెళ్ళిన దారిలో సగాన్ని కలుపుకుంటూ తిరిగి రావడం. నడుం పట్టేసింది, మధ్యాహ్నం దాటింది. మోకాళ్ళదాకా ప్యాంటు తడిసింది. పూర్తయ్యాక మళ్ళీ బకెట్ మీద కూర్చుంది.

కాంక్రీటు ఆరడం చూడటంలో ఇంత ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది. ముందు అంచులు తెల్లబడతాయి. ఎండ తగిలినచోట తడి ఒక మడుగులా ముడుచుకుంటుంది. అది ముడుచుకునే కొద్దీ గుండె దడ పెరుగుతుంది. ఒక చార తేలిందా? లేదు, కరెంటు తీగ నీడ. అదిగో, అది చారే! మెట్ల దగ్గర బెత్తెడు వెడల్పు. లేచి కడిగి, మళ్ళీ కూర్చుంది.

సాయంకాలం హెడ్మిస్ట్రెస్ వచ్చింది. "రేపే తెరవాలమ్మా. ఎలా వచ్చింది?"

"ఆరాక చెప్తానండీ."

నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆయా చీపురు వదిలేసి పకపకా నవ్వింది. హెడ్మిస్ట్రెస్ కూడా నవ్వి, "ఓహో, ఈ మాట మాకింక తప్పదన్నమాట," అని పక్కనే నిలబడింది. మెట్ల దగ్గరి తడి మెల్లగా పోయింది. ఆవరణంతా ఒకే రంగు. "ప్రతి సెలవుల్లోనూ నువ్వే రా," అనేసి వెళ్ళిందావిడ.

"ఏనుగు నీదే," అంది అత్తయ్య కబురు వినగానే. తర్వాత ఆమె ప్యాంటు చూసి, "గాలికి తుంపర్లా?" అంది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

మర్నాడు మేనకోడలు స్టూలు వెతుక్కుంటూ ఆస్పత్రికి వెళ్ళింది. వెతకక్కర్లేకపోయింది. గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన దర్జాగా దాని మీదే కూర్చున్నాడు. ఆమెని చూసి గాభరాగా లేచాడు.

"దొంగతనం కాదమ్మా! సారే ఇచ్చారు. ఇక్కడ నాకు కుర్చీ లేదు కదా, కాళ్ళు వాచిపోతుంటే చూశారు. 'ఇది నువ్వుంచుకో, నాకింక అక్కర్లేదు,' అన్నారు."

"అక్కర్లేదన్నాడా? మావయ్యా?"

"నేనూ అదే అడిగానమ్మా. 'మరి ఆరేదాకా దేని మీద కూర్చుంటారు సార్?' అన్నాను. 'కడిగింది మా మేస్త్రీ. కూర్చోవడం దేనికి?' అన్నారు."

మేనకోడలు వాలు వంక తిరిగింది. రెండు నెలల దుమ్ము పడింది, టైర్ల నలుపు మళ్ళీ మొదలైంది. ఎంత వెతికినా చార మాత్రం లేదు. పెద్దాయన భుజం పట్టుకుని మళ్ళీ స్టూలు మీద కూర్చోబెట్టింది.

"ఇంతకీ, ఆరాక ఏమన్నాడు?" అంది.

"ఆరేదాకా ఎక్కడున్నారమ్మా! మీరు అలా మలుపు తిరిగారో లేదో, ఏనుగుని తోలుకుని, ఈలేసుకుంటూ వెళ్ళిపోయారు. అప్పటికి నేలంతా తడిగానే ఉంది."