నాలుగో చరణం

చొప్పదండిలో లిడియా కుట్టు మిషన్ ఇంటి ముందు వరండాలో ఉంటుంది. ఆమె కుట్టే జాకెట్ల మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. ఆమె గొంతు సంగతి మాత్రం చర్చి సంఘంలో అందరూ ఒకేలా చెప్పుకుంటారు: చిన్నప్పుడు భలే పాడేది, ఎనిమిదో ఏట గొంతు పోయింది. అది అబద్ధం. గొంతు పోలేదు, ఆమే మూసేసుకుంది.

తండ్రి సుధాకర్ సంఘ పెద్ద. ఆదివారం చర్చిలో కూతురితో పాడిస్తే ఆయనకు తనివి తీరేది కాదు. ఎవరైనా మంచం పట్టారని తెలిస్తే చాలు, పిల్లను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బయల్దేరేవాడు. చిన్నపిల్లలు పాడితే దేవుడు తొందరగా వింటాడని ఆయన నమ్మకం. ఇద్దరు ముగ్గురు లేచి తిరిగారు కూడా. వాళ్లు మాత్రలు మింగిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పేరు లిడియాకే వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల నెత్తిన ఎంత బరువు పెడుతున్నామో ఒక్కరికీ తట్టలేదు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం అదే సంఘంలోని మైసయ్య ఇంటికి పోవలసి వచ్చింది. ఆయనకు కడుపులో గడ్డ. కరీంనగర్‌లో డాక్టర్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆయనకు ఇష్టమైన పాటకు ఆరు చరణాలు. లిడియా మొదలుపెట్టింది. పక్క వాడ నుంచి చప్పట్లు వినబడుతున్నాయి. బడిలో పక్కన కూర్చునే రమ పొద్దున్నే ఆశ పెట్టింది: "మా బతుకమ్మనే అందరికంటె పెద్దది. పొద్దుగూకక ముందే వాగుకు తీస్కపోతరు, వచ్చి సూడు." ఆడటం అటుంచి, నిలబడి చూసినా లిడియా ఇంట్లో పాపమే. మూడో చరణం అయ్యాక నాలుగోది వదిలేసి ఐదోదానికి దూకింది. సుధాకర్ కళ్లు మూసుకుని తలాడిస్తున్నాడు, గమనించలేదు. పాట అయ్యి, ఆయన మైసయ్య భార్య ఆనందమ్మతో మాట్లాడుతుంటే పిల్ల సందు చివరి దాకా పరుగెత్తింది. గోడ చాటు నుంచి చూసింది. గునుగు, తంగేడు పూల బతుకమ్మలు తలల మీద వరుసగా సాగిపోయాయి. చూసింది ఒక చరణం పాడేంత సేపే.

మూడో రోజు మైసయ్య చనిపోయాడు.

సమాధి దగ్గర అందరూ అదే పాట ఆరు చరణాలూ పాడారు. లిడియా నోరు విప్పలేదు. పిల్ల బుర్రకు విషయం తేటగా తెలిసిపోయింది: తను పాట కోసేసింది, దేవుడు మనిషిని తీసుకుపోయాడు.

తనకు గొంతు నొప్పి అని బాపుతో చెప్పింది. మిరియాల పాలు, డాక్టరు, ఉపవాస ప్రార్థన, అన్నీ అయ్యాయి. కొన్నాళ్లకు సుధాకర్ ఒంటరిగా సైకిల్ తొక్కుకుంటూ పోసాగాడు. తర్వాత లిడియాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇప్పుడు ఆరాధన ఆలస్యమైతే పాస్టరు "మొదటి చరణం, చివరి చరణం పాడుకుందాం" అంటాడు. అందరూ మధ్యవి వదిలేస్తారు. ఎవరూ చావరు. ముప్పై ఏళ్ల లిడియా మాత్రం ఆ మధ్యవన్నీ మనసులో అప్పజెప్పుకుంటుంది. తలచుకుంటే నవ్వొచ్చేదే, కానీ నవ్వడానికి ఆమెకు ధైర్యం చాలదు.

మొన్న ఎండాకాలం మైసయ్య భార్య ఆనందమ్మ తెల్ల గుడ్డ పట్టుకుని వచ్చింది.

"జాకెట్ కుట్టు బిడ్డా. తెల్ల చీర సందూకల ఉన్నది, మీదికి జాకెట్ లేదు. రేపు నన్ను పెట్టెల పండవెట్టేటప్పుడు నా కోడలు ఎర్ర జాకెట్ తొడిగిస్తది. దాని తెలివి నాకెరుకే."

లిడియా చేతిలోని టేపు పక్కన పెట్టింది. ఇన్నేళ్లూ ఈమె ఇంటి ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి పోయింది. చర్చిలోనూ దూరంగానే కూర్చుంది. ఈ జాకెట్ తొడుక్కుని ముసలామె కూడా పోతే ఇక చెప్పుకోవడానికి మనిషే ఉండదు.

"పెద్దవ్వా, పెద్దబాపు మంచంల ఉన్నప్పుడు నేను పాట పాడిన. యాదికున్నదా?"

"ఎందుకుండదే."

"నాలుగో చరణం పాడలే. బతుకమ్మ సూడాల్నని ఎగ్గొట్టిన."

ఆనందమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "గది నాకెరుకే. మీ పెద్దబాపుకు గూడ ఎరుకే. మీరు అటు పోంగనె, 'సుధాకర్ బిడ్డ నాలుగోది మింగిందే' అని నవ్విండు. ఆయన నవ్వక అప్పటికి నెల రోజులాయె. మల్ల తనే పాడవట్టిండు నాలుగోది. సగం దాక పాడి, దమ్ము రాక ఆపిండు. 'పోరికి బతుకమ్మ మీద పానం గుంజింది, పోనియ్యి' అన్నడు."

లిడియా స్టూలు జరుపుకుని ముసలామె ఎదురుగా కూర్చుంది. "నేను పాడకనే సచ్చిపోయిండనుకున్న."

"కడుపుల గడ్డ కొబ్బరికాయంత ఉండె. నీ పాటకు కరుగుతదా? గిన్నేండ్ల సంది గిదే ఫికర్ పెట్టుకున్నవా, మతిలేని పోరీ." ముసలామె గుడ్డను మిషన్ మీద పెట్టి తనూ కూర్చుంది. "సరే, ఆయన ఆపిన కాడికెల్లి పాడు."

"ఇప్పుడా?"

"నన్ను పెట్టెల పెట్టినంక పాడితె నాకినవడతదా?"

మొదటిసారి గొంతు పెగల్లేదు. రెండోసారి వచ్చింది, బొంగురుగా. నడుమ ఒకచోట రాగం జారింది. లిడియా ఆపలేదు, చివరి మాట దాకా పాడింది. ఆనందమ్మ కళ్లు మూసుకోకుండా ఆమె నోటి వంకే చూస్తూ విన్నది.

"రాగం తప్పినవ్," అని లేచి, చేతులు చాపి నిలబడింది. "కొలత వట్టు. చంకల కాడ జర లూజుగ ఉంచు. గిప్పుడే పోయేది లేదు, నడుమ ఒకటి రెండు పెండ్లిళ్లకు గూడ తొడుక్కుంట."